పరాయి సమాధికి సున్నం

మార్టూరులో యేసుపాదంకంటే పిరికివాడు లేడంటే ఎవరూ కాదనరు. ఆయన భార్య సలోమి అసలే కాదనదు. ఉరిమితే మంచం కింద చోటు ఉందా అని చూసే మనిషి. సూది వేయాలన్నారంటే జ్వరం దానంతటదే దిగిపోయేది. మరి అలాంటివాడు గ్రానైటు ఫ్యాక్టరీలో మేస్త్రీ ఎట్టా అయ్యాడయ్యా అని మీరడగొచ్చు. అదే చిత్రం. గదంత బండరాయి క్రేనుకి వేలాడుతుంటే దాని పక్కనే నిలబడి "దించు, ఇంకాస్త దించు, ఆ, చాలు" అని చెయ్యి ఊపుతాడు. రెప్ప కూడా వేయడు. రాయంటే ఆయనకి భయం లేదు. రాయి ఎటు పడుతుందో తెలుసు కదా మరి. తెల్లకోటు వేసుకున్నవాడు ఏం చెబుతాడో మాత్రం తెలీదు. అందుకని ఆసుపత్రి ఉన్న వీధిలోకి కూడా పోడు, చుట్టూ తిరిగి పోతాడు.

ఊరికే పుట్టిన భయం కాదులెండి. వాళ్ళ నాన్న ఆదాం కూడా రాతి పనివాడే. చాన్నాళ్ళు దగ్గుతూనే పనికి పోయాడు, దగ్గుతూనే సైకిలు తొక్కాడు. ఎవరో మంచి మాట చెప్పారని గుంటూరు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించారు. టీబీ అన్నారు, బిళ్ళలిచ్చారు. ఆ బిళ్ళలు అయిపోయేలోపే మనిషి అయిపోయాడు. దాంతో ఆ పేటలో ఒక నమ్మకం పాతుకుపోయింది. లోపల జబ్బు నిద్రపోతూ ఉంటుందట, ఫోటో తీస్తే ఆ వెలుగుకి లేచి కూర్చుంటుందట. నవ్వకండి. చదువుకున్నవాళ్ళం మనం నమ్మేవి వింటే వాళ్ళు ఎంత నవ్వాలో! యేసుపాదం ఆ మాట మనసా వాచా నమ్మాడు. కాబట్టి ఒక వానాకాలం చివర తనకీ దగ్గు మొదలైతే, ఆయన చేసుకున్న వైద్యం ఒక్కటే, దాచడం. ఫ్యాక్టరీలో అయితే కట్టర్ మోత ఉన్న చోటికి పోయి దగ్గేవాడు. చర్చిలో అయితే అందరూ పాట అందుకునేదాకా బిగబట్టి, పాటలో కలిపేసేవాడు.

సలోమి దగ్గర ఏది దాగుతుంది? అదే ఫ్యాక్టరీలో రాతి పొడి ఊడ్చి తట్టలకెత్తే పని ఆవిడది. గొంతు ఎత్తిందంటే షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి వినపడుద్ది. క్రేను ఆపరేటర్లు కూడా ఆవిడతో పెట్టుకోరు.

"ఏందయ్యా ఆ దగ్గు, పిల్లికూన తుమ్మినట్టు? దగ్గితే గట్టిగా దగ్గు. లేదంటే గుంటూరు పోయి చూపిచ్చుకుందాం పద."

"నాకేంటే? దుమ్ము, అంతే."

"దుమ్ము నీ ఒక్కడికేనా? రోజంతా ఊడ్చి చచ్చేది నేను. నాకు లేని దగ్గు నీకెట్టా వచ్చింది?"

అని నవ్వేది. ఆ నవ్వు చూసి ఆయన కొంచెం కుదుటపడేవాడు. నిజమే కదా, దుమ్ములో మునిగి తేలే మనిషే అంత దిట్టంగా ఉంటే నాకేం అవుతుందిలే అనుకునేవాడు.

ఫ్యాక్టరీ యజమాని బుల్లయ్యగారు. ఒకప్పుడు పత్తి రైతు. పురుగుతోనూ మందులతోనూ వేసారి, "ఇక పురుగు పట్టని పంట వేస్తా" అని రాయిలోకి దిగాడు. ఒక రోజు యేసుపాదాన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"ఒరేయ్ యేసుపాదం, ఇటలీ పోతావురా?"

యేసుపాదానికి అర్థం కాలేదు. ఒంగోలు పోతావా అన్నట్టుగా అడుగుతున్నాడు మరి.

సంగతేమిటంటే, ఇటలీ దేశంలో సముద్రానికి ఎగువన కొండ మీద మోంతెసాల్వో అని ఒక చిన్న ఊరుంది. అక్కడ రాయి కోసే షెడ్డు ఒకటి మూతపడింది. అందులో మెషీన్ పాతదే అయినా ఏనుగులాంటిదట. బుల్లయ్యగారి కొడుకు బాలు ఫోన్లో బేరం కుదిర్చాడు. ఇక దాన్ని విప్పి ఓడకెక్కించాలి.

"అక్కడోళ్ళు విప్పితే ఇక్కడ మనోళ్ళు బిగించలేరురా. నువ్వే విప్పు, నువ్వే గుర్తులు పెట్టు, వచ్చి నువ్వే బిగించు. బాబు నీతోనే ఉంటాడు. ఇంగ్లీషు ఆడు చూసుకుంటాడు, ఇనుము నువ్వు చూసుకో."

యేసుపాదానికి విమానం, సముద్రం, పరాయి దేశం, ఇవన్నీ ఒక ఎత్తు. ఆ గదిలో దగ్గొస్తే ఎట్టా అన్నది ఒక్కటీ ఒక ఎత్తు. దగ్గు బిగబట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తల ఊపాడు. బుల్లయ్యగారేమో అది ఆనందబాష్పాలనుకున్నాడు పాపం.

సలోమి పేటంతా చాటింది. "మా ఆయన విమానం ఎక్కుతున్నాడు, ఎక్కేదాకా నమ్మకండి!" అని. గోంగూర పచ్చడి, కారప్పొడి, రెండు కొత్త చొక్కాలు సంచిలో కుక్కింది. విమానాశ్రయంలో సంచుల్ని లోపలికి పంపి ఫోటో తీసే మెషీన్ దగ్గర యేసుపాదం గుంజలా పాతుకుపోయాడు. "బాలు బాబూ, మనుషుల్ని కూడా తీస్తారా ఇందులో?" అని అడిగాడు. బాలు పడీ పడీ నవ్వాడు. మంచి పిల్లాడే బాలు. ఇంజనీరింగు చదివాడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కాకపోతే వాళ్ళ నాన్న ముందు మాత్రం నోరు పెగలదు.

మార్టూరు చుట్టూ నేల ఎట్టా ఉంటుందో తెలుసుగా, అరచేయిలా ఉంటుంది. పత్తి చేను, మిరప కళ్ళం, మళ్ళీ పత్తి చేను. చూపుకి ఎదురు ఉండదు. అలాంటి నేల మీద పుట్టినవాడికి మోంతెసాల్వోలో నిలబడటానికి చదునైన చోటు దొరకలేదు. కొండకి ఇళ్ళు అతికించారా, ఇళ్ళే కొండా అన్నది తెలీలేదు. వీధి అంటే మెట్లు. ఒకడి గుమ్మం ఇంకొకడి కప్పు మీద. కింద ఎక్కడో నీలంగా సముద్రం. అటు చూస్తే కళ్ళు తిరిగి, ఇటు గోడ పట్టుకుని నడిచేవాడు. పైన హోటలు లేదని బాలు కింద ఒడ్డు మీద బస చేశాడు. యేసుపాదానికి షెడ్డు మీది గదిలో పడక. కిటికీ తీస్తే గాలి హోరు. చెక్క తలుపు కిర్రుమన్నప్పుడల్లా "ప్రభువా" అని లేచి కూర్చునేవాడు.

అసలు భయం ఆ మెట్ల దగ్గర మొదలైంది. రొట్టె దుకాణం పై వీధిలో ఉంది. మార్టూరులో సైకిలు మీద ఎంత దూరమైనా పోయే మనిషి. ఇక్కడ సగం మెట్లెక్కేటప్పటికి ఊపిరి అందేది కాదు. గోడకి ఆనుకుని నోరు తెరిచి నిలబడితే, ఎనభై ఏళ్ళ ముసలమ్మలు రెండు చేతుల్లో సంచులతో పక్కనించి ఎక్కి పోయేవాళ్ళు. పోతూ పోతూ "బోన్ జోర్నో" అని పలకరించేవాళ్ళు. ఆయన సిగ్గుతో తల వంచుకునేవాడు. కొండ అలవాటు లేక గానీ నాకేం లేదు అని తనకి తానే చెప్పుకునేవాడు. చెప్పుకున్నకొద్దీ లోపల గుబులు ఎక్కువైంది.

ఇంకో సంగతి కూడా ఆయన కంటపడింది. చర్చి ముందు అరుగు మీద పొద్దున్నే కూర్చునేది ముసలమ్మలే. దుకాణంలో ముసలమ్మలే. కిటికీల్లో బట్టలారేసేదీ, కుక్కల్ని తిప్పేదీ, తగాదాలాడేదీ ముసలమ్మలే.

"బాబూ, ఈ ఊళ్ళో ముసలి మగాళ్ళు ఏరి?" అన్నాడు ఒక రోజు బాలుతో.

"పనులకి పోయుంటార్లే."

"ఎనభై ఏళ్ళాళ్ళు పనికేం పోతారు బాబూ?"

బాలు ఫోను చూసుకుంటూ "ఏమో" అన్నాడు. యేసుపాదం మళ్ళీ అడగలేదు. అడగకపోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

అలా మెషీన్ సగం విప్పేసరికి సమాధుల పండుగ దగ్గరకొచ్చింది. నవంబరు రెండో తారీకు. మన వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో అది చిన్న సంగతి కాదు. గడ్డి పీకి, సమాధికి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించాలి. సున్నం వేయని సమాధి కనపడితే చాలు, "ఎవరమ్మా ఆ దిక్కుమాలిన సంతానం" అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటుంది. యేసుపాదం వాళ్ళ నాన్న సమాధికి ఏ ఏడూ తప్పకుండా తన చేత్తోనే సున్నం వేశాడు. ఈ ఏడు వేయలేడు.

"నేనేస్తాలేవయ్యా, ఏడవకు. నీకంటే నున్నగా వేస్తా" అంది సలోమి ఫోన్లో.

అయినా మనసు ఊరుకోలేదు. పరాయి ఊళ్ళో ఉన్నవాడు అక్కడ దిక్కులేని సమాధి ఒకటి చూసి దానికి సున్నం వేస్తే, తన పెద్దలకి వేసినట్టేనని వాళ్ళ నాయనమ్మ చెబుతుండేది. ఆ మాట పట్టుకుని పండుగ పూట పొద్దున్నే షెడ్డు మూల పడున్న సున్నం బకెట్టు, కుంచె తీసుకుని ఊరి శ్మశానానికి పోయాడు. అబ్బ, ఎంత బాగుందనీ! అన్నీ నున్నటి పాలరాతి సమాధులు, నల్ల గ్రానైటు సమాధులు. మీద రంగు పూలు, పోయినవాళ్ళ ఫోటోలు. ఆ పాలిష్ మీద చెయ్యి పెట్టి చూసి, మేస్త్రీ కదా, "భలే పని" అనుకున్నాడు. మూలకి పోయేసరికి ఒక్కటే ఒక్క సమాధి. మట్టి దిబ్బ, చుట్టూ మొరటు రాళ్ళు, తలాపున నల్లబడ్డ చెక్క శిలువ. సమాధి మీద రాయి లేదు, ఫోటో లేదు. నాచు పట్టిపోయి ఉంది. ఆయన గుండె కరిగిపోయింది. "ఎవరి బిడ్డవో నాయనా, నీకెవరూ లేరా" అని గడ్డి పీకాడు. చుట్టూ రాళ్ళకి సున్నం వేశాడు. చెక్క శిలువకి కూడా పైనించి కింది దాకా పట్టించాడు. దాని మీద చెక్కిన పేరు సున్నంలో పూడిపోయింది. ఒక పూత చాల్లేదని ఇంకో పూత వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, తండ్రిని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. చాన్నాళ్ళకి మనసు తేలికపడింది పాపం.

అప్పుడొచ్చారు ఊరి ఆడవాళ్ళు, చేతుల నిండా చామంతులు పట్టుకుని.

ముందున్న ఒకావిడ కెవ్వున అరిచింది. నల్ల గౌను వేసుకున్న సన్నటి ముసలమ్మ. పేరు అస్సుంతా అని తర్వాత తెలిసింది. చేతిలో పూలు కింద పడేసి, ఆ చెక్క శిలువ పట్టుకుని, కనపడకుండా పోయిన పేరుని గోళ్ళతో గీకుతోంది. మిగతావాళ్ళు యేసుపాదాన్ని చుట్టుముట్టి తలా ఒక మాట. ఒక్కటీ అర్థం కాదు, అర్థం కాకుండానే అన్నీ అర్థమయ్యాయి. దిక్కులేని సమాధి కాదది. ఎవరో పరుగున పోయి యూనిఫాం వేసుకున్న మనిషిని పట్టుకొచ్చారు. అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. పరాయి దేశంలో సమాధి పాడు చేశాడని జైల్లో వేస్తారు, మార్టూరు మళ్ళీ చూడను, సలోమికి నా శవం కూడా దక్కదు అనుకున్నాడు. బాలుకి ఫోన్ చేసి "బాబూ, సచ్చాను, రండి" అన్నాడు.

ఫోన్ పెట్టేలోపే దగ్గొచ్చింది. చాటుకి కట్టర్ మోత లేదు, పాట లేదు. ఎన్నాళ్ళుగా బిగబట్టిందో ఏమో, ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వంగిపోయి, మోకాళ్ళు పట్టుకుని, ఊపిరి కోసం కొట్టుకుంటూ దగ్గాడు. దగ్గు తగ్గి తల ఎత్తితే ఆ ఆడవాళ్ళెవరూ అరవడం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. అది చూసి ఆయనకి పోలీసు భయం ఎగిరిపోయింది. అంతకంటే పెద్ద భయం వచ్చి కూర్చుంది.

బాలు వచ్చేసరికి అస్సుంతా యేసుపాదం వెనక్కి పోయి, ఆయన వీపుకి చెవి ఆనించి వింటోంది. చంటిపిల్లాడికి ఆయాసమొస్తే పేటలో ముసలివాళ్ళు విన్నట్టే, కళ్ళు మూసుకుని. తల ఎత్తి ఆ యూనిఫాం మనిషితో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. అతను బాలుకి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. బాలు తెలుగులో చెప్పాడు.

"ఆ సమాధి వాళ్ళాయనదట. నువ్వు విప్పుతున్న మెషీన్ మీదే పనిచేశాడట. ఆయన్ని రాయే చంపింది, మళ్ళీ ఆయన మీద రాయి పెట్టనని పంతం పట్టి చెక్క శిలువే ఉంచిందట."

"రాయి మీద పడిందా బాబూ?"

బాలు ఆ మాట ఇంగ్లీషులో అడగలేదు. "పడిందేమోలే" అన్నాడు.

అస్సుంతా ఆపలేదు. మాటిమాటికీ ఒక మాట పలుకుతోంది, సిలికోజి, సిలికోజి అని. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని చంపే జబ్బుకి వాళ్ళ మాట అది. చెయ్యి చాపి శ్మశానమంతా చూపించింది. తర్వాత యేసుపాదం దగ్గరకొచ్చి, చొక్కా రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా దులిపి, కళ్ళల్లోకి చూస్తూ ఏదో అడిగింది. యూనిఫాం మనిషి ఇంగ్లీషులో చెప్పాడు. విన్న బాలు మొహం పాలిపోయింది.

"ఏమంటోంది బాబూ?"

"చొక్కాకి సున్నం అంటింది, దులుపుకోమంటోంది."

యేసుపాదం గబగబా దులుపుకున్నాడు. అస్సుంతా కాదు కాదు అన్నట్టు ఆయన చేతులు పట్టుకుని ఆపింది. బాలు వైపు చూసి, చెప్పు అన్నట్టు తల ఎగరేసింది. బాలు తల తిప్పుకున్నాడు. కేసూ లేదు, జైలూ లేదు. సున్నం తెల్లగా బాగుంది, ఉండనీ, పేరు మళ్ళీ గీయించుకుంటానందట. రాయి కాదుగా అందట. సున్నం కూడా రాయే తల్లీ అని చెప్పే ధైర్యం యేసుపాదానికి లేకపోయింది.

ఆ తర్వాత మోంతెసాల్వోలో గడిపిన రోజులు ఎట్టా గడిచాయో ఆయనకే తెలీదు. మెషీన్ విప్పుతూ ఉంటే గుంటల్లో గట్టిపడ్డ రాతి పొడి చేతికి తగిలేది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఊళ్ళో ముసలి మగాళ్ళు ఎక్కడున్నారో ఇప్పుడు తెలిసింది. ఆ ఫోటోల్లో ఉన్నారు. ఆ ఫోటోల్లో కూడా ముసలాళ్ళు కాదు, తన ఈడువాళ్ళే. నాకూ అదే, నాన్నకీ అదే, నేనూ అట్టాగే పోతాను అనుకుంటూ ముద్ద మింగుడు పడక కూర్చునేవాడు. బాలుని మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. బాలు కూడా ఎదురుపడితే మెషీన్ గురించే మాట్లాడి పోయేవాడు. ఇంటికొచ్చాక సలోమి "ఇటలీ నీళ్ళు పడలేదా, చిక్కిపోయావు" అంటే, "తిండి పడలేదే" అన్నాడు. ఆవిడకి తెలియకూడదు అన్నదొక్కటే ఆయన పట్టుదల. నేను పోయేదాకా నవ్వుతూ ఉండనీ అనుకున్నాడు వెర్రిబాగులాడు.

మిరప కోతలు మొదలయ్యే వేళకి ఓడ దిగిన మెషీన్ మార్టూరు చేరింది. బుల్లయ్యగారు కొబ్బరికాయ కొట్టించి, పసుపు కుంకుమ పెట్టించి, ఫ్యాక్టరీ అంతటికీ లడ్లు పంచాడు. యేసుపాదం పెట్టెలు తెరిచి ముక్కలు బయటికి తీయిస్తున్నాడు. ఒక పెద్ద చట్రం పక్కకి ఒరగగానే, అందులో ఏళ్ళ తరబడి ఇరుక్కున్న పొడి జల్లున రాలి షెడ్డంతా తెల్లటి పొగలా లేచింది. "తప్పుకోండి, తప్పుకోండి, రాణిగారు వస్తోంది" అని సలోమి చీపురు తిప్పుకుంటూ వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఊడ్చడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి దగ్గింది. ఇటూ అటూ చూసి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఊడ్చింది.

"సలోమీ! ఆ చీపురు కింద పడెయ్!"

అరిచింది బాలు. గట్టిగా మాట్లాడటమే ఎరగని పిల్లాడు. అందరూ బిత్తరపోయి చూశారు. "ఏందిరా, ఏమైంది?" అన్నాడు బుల్లయ్యగారు. బాలు తండ్రి మొహం చూడలేదు. యేసుపాదం జబ్బ పట్టుకుని షెడ్డు బయటికి లాక్కుపోయాడు.

"నేను అబద్ధం చెప్పాను యేసుపాదం. ఆ ముసలామె నీ చొక్కా పట్టుకుని అడిగింది దులుపుకోమని కాదు. 'ఈ చొక్కా ఇంట్లో దులిపేదెవరు? మీ షెడ్డులో పొడి ఊడ్చేదెవరు?' అని అడిగింది."

యేసుపాదం షెడ్డు వైపు తిరిగి చూశాడు.

"వాళ్ళ చెల్లెలు ఆ షెడ్డులో ఊడ్చేదట. వాళ్ళాయనకంటే ముందు ఆమే పోయిందట. కోసేచోట దుమ్ము అణగడానికి నీళ్ళన్నా పడతాయి, ఊడ్చేవాళ్ళు ఎండిన పొడి పీలుస్తారంది. 'నీ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఇంటికి పోగానే ఊడ్చే మనిషిని మాన్పించు' అని చెప్పమంది. నాకు నాన్నంటే భయమేసింది. మెషీన్ కొన్నాక ఈ మాట ఎట్టా చెప్పను?"

యేసుపాదం జన్మలో యజమానుల ముందు గొంతు ఎత్తినవాడు కాదు. అప్పుడూ ఎత్తలేదు. మెల్లగానే అన్నాడు.

"మీరు చెప్పని ప్రతి రోజూ అది ఊడ్చింది బాబూ."

బాలు ఏడ్చేశాడు. యేసుపాదం అక్కడ నిలబడలేదు. తను మాత్రం ఏం తక్కువ తిన్నాడు? ఇన్నాళ్ళూ తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తన చావు గురించి కుమిలిపోవడమే గానీ, పక్కన పడుకున్న మనిషి ఊపిరి ఎట్టా ఉందో ఒక్కనాడు విన్నాడా? లోపలికి పోయి సలోమి చేతిలో చీపురు లాగి అవతల పారేసి, "పద, గుంటూరు పోదాం. ఎక్స్‌రే తీయించుకుందాం" అన్నాడు.

"ఎవరూ, నువ్వా?" సలోమి నోరు తెరిచింది. "ఎవరైనా వినండర్రా, మా ఆయన ఎక్స్‌రే అంటున్నాడు!"

బస్సులో చిలకలూరిపేట దాటేదాకా వేళాకోళమాడుతూనే ఉంది. "సూది గుచ్చరులేవయ్యా, ఫోటోనే, నవ్వి దిగు" అంటూ. యేసుపాదమేమో కిటికీలోంచి కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనపడుతుంటే, కొంగు అడ్డం పెట్టుకుని ఏరుతున్న ఆడవాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. ఆ ఊరు దాటాక ఆవిడ కూడా మాట తగ్గించింది.

ఆసుపత్రిలో ముందు తనే లోపలికి పోయాడు. చొక్కా విప్పి ఆ చల్లటి పలకకి ఛాతీ ఆనించాడు. పేటలో చెప్పుకునే వెలుగు ఏదీ రాలేదు. టక్కుమని చప్పుడయింది, అయిపోయిందన్నారు. బయటికొచ్చి "ఏం లేదే, చూశావుగా. నువ్వు కూడా పో" అన్నాడు.

"నాకెందుకు? నేను నీకోసం వచ్చాను."

"పోవే."

"వద్దయ్యా." సలోమి బల్ల అంచు పట్టుకుంది. ఆ గొంతు ఆవిడది కాదు. షెడ్డు ఆ చివరికి వినపడే గొంతు పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగా వినపడలేదు. "నాకు భయమేస్తోంది."

ఇరవై ఏళ్ళ పైబడిన కాపురంలో ఆవిడ నోట ఆ మాట వినడం యేసుపాదానికి అదే మొదటిసారి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

"నాకూ ఉందయ్యా" అంది. "నువ్వు దగ్గినప్పుడే నేనూ దగ్గేదాన్ని. వింటే నీదే అనుకుంటారని. నీకు ధైర్యం చెప్పడానికి నేనన్నా బాగుండాలి కదా."

ఆయన ఏడవలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో, ఆవిడని లేపి, భుజాల చుట్టూ కొంగు సర్ది, నడిపించుకుంటూ పోయి ఆ గది గుమ్మం దాటించాడు. తలుపు వేశారు. ఆయన బయటే నిలబడ్డాడు.

"గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమ్మా" అన్నాడు లోపల ఫోటో తీసే అబ్బాయి.

వెంటనే దగ్గు.

"మళ్ళీ తీద్దాం. కదలకమ్మా. బిగబట్టు."

మళ్ళీ దగ్గు. దాచుకోవడానికి పక్కన ఎవరి దగ్గూ లేదు కాబట్టి మొత్తం బయటికొచ్చింది. యేసుపాదం తలుపుకి చెవి పెట్టి విన్నాడు. తండ్రి దగ్గు విన్నాడు, తన దగ్గు ఎరుగును. ఏ దగ్గు ఎంత పాతదో వినగానే తెలిసిపోయే మనిషి. సలోమిది తనకంటే పాతది.